అశోకవనంలో అట్టహాసం

ప్రశ్న అడిగితే కంబగిరి సారు మెట్లు దిగుతారు. అది ఆయన అలవాటు. ధర్మవరంలో ఒక పట్టుచీరల కొట్టు పైన ఉన్న గదుల్లో ఆయన కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. బోర్డుంది, సుద్దముక్కలున్నాయి. అయినా ఎవరైనా నిజంగా చిక్కులో పడి ప్రశ్న అడిగితే సుద్దముక్క పక్కన పెట్టి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, "పా, పోదాం" అంటారు. ఆ పోవడం టీ కొట్టుకు కావచ్చు, మగ్గాల వీధికి కావచ్చు. అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది, జవాబు అందులో ఉంటుంది. ఏమీ జరగకపోతే టీ తాగి వెనక్కి వస్తారు. అలా ఉత్త టీతో తిరిగొచ్చిన రోజుల గురించి శిష్యులు బయట చెప్పుకోరు, గురువుగారి పేరు పోతుందని.

మాబున్నీ అడిగిన రోజున మాత్రం జరిగింది. బాగా జరిగింది.

మాబున్నీ పరుపులు కుట్టే మస్తానయ్య కూతురు. మాట తొందర, చెయ్యి అంతకన్నా తొందర. తోలుబొమ్మలాటను కంప్యూటర్లో ఆడుకునే ఆటగా చెయ్యాలని ఆ పిల్ల పట్టుపట్టి కూర్చుంది. బొమ్మలు తుకాబాయివి. ఊరి చివర ఉండే తుకాబాయి ఇంటివాళ్లు తాతల నాటి నుంచీ బొమ్మలాడించేవాళ్లు. మేకతోలు మీద గీసి, చిల్లులు పొడిచి, రంగులద్దిన ఆ బొమ్మల్లో కొన్ని మనిషంత ఎత్తుంటాయి. ఆ పెద్దావిడ వాటి మీద పరాయి చెయ్యి పడనివ్వదు. మాబున్నీ రోజూ పోయి, అవ్వా అవ్వా అని కొంగు పట్టుకు తిరిగి, చివరికి అశోకవనం ఘట్టంలో వచ్చే బొమ్మలకు మాత్రం ఫొటోలు తీసుకోవడానికి ఒప్పించింది. ఒప్పుకుంటూనే తుకాబాయి ఒక మాట అనేసింది.

"నా సీతమ్మను నువ్వెట్లాడించినావో నా కండ్లతో చూస్తా. బాగుంటే బొమ్మల పెట్టెలన్నీ తెరుస్తా. బాగలేకుంటే తీసుకున్న ఫొటోలు గూడా నా ముందరే చెరిపెయ్యాల. సరేనా?"

సరేనంది మాబున్నీ. ఆవిడ వచ్చి చూసే రోజు రేపే. ఇవాళ చూస్తే సీతమ్మ రావణుడి ఎదుట కూర్చుని పగలబడి నవ్వుతోంది.

ఈ గొడవ ఎలా వచ్చిందో కొంచెం చెప్పాలి. ఇలాంటి ప్రోగ్రాములో ఒక్కో పాత్రకు ఒక్కో క్లాసు రాస్తారు. క్లాసంటే మరేం కాదు, ఆ పాత్ర ఎలా ఉంటుంది, ఏమేం చెయ్యగలదు అని కంప్యూటరుకు రాసిచ్చే వివరం. రావణుడి క్లాసులో మాబున్నీ ఒక అట్టహాసం రాసింది. వింటే వెన్ను జలదరించేలా కుదిరింది. అశోకవనంలో కాపలా ఉండే రాక్షసస్త్రీలకు కూడా నవ్వు కావాలి కదా అని రాసిన ఆ వరసల్నే, అదే కోడును, అక్కడా దించింది. మధ్యలో వచ్చి జనాన్ని నవ్వించే జుట్టుపోలిగాడికీ దించింది. కొన్నాళ్లకు నవ్వు ఇంకాస్త సాగితే బాగుంటుందనిపించి రావణుడి దగ్గర మార్చింది, రాక్షసస్త్రీల దగ్గర మార్చింది, పోలిగాడి సంగతి మరిచిపోయింది. వాడు పాత నవ్వే నవ్వుతూ తిరిగాడు.

ఒకే కోడు ఇన్నిచోట్ల ఉంటే ఇదే గతి అని తెలిసి, రాక్షసులందరికీ కలిపి ఒక పేరెంటు క్లాసు పెట్టి నవ్వును అందులో వేసింది. పేరెంటు క్లాసులో ఏముంటే అది దాని కిందివాటికి పుట్టుకతో వస్తుంది, ఇంటిపేరు వచ్చినట్టు. అప్పుడు త్రిజట నవ్వింది. త్రిజట కూడా రాక్షసే కదా! సీతమ్మను ఓదార్చవలసిన మనిషి ఆమె కన్నీళ్లు తుడుస్తూ భళ్లున నవ్వింది. పోలిగాడు రాక్షసుడు కాడు కాబట్టి వాడికి అసలు నవ్వే లేకుండా పోయింది. ఇలా కాదని మాబున్నీ ఆ నవ్వును ఇంకా పైకి తీసుకుపోయి, అన్ని పాత్రలకూ మూలపురుషుడిలా ఉండే 'బొమ్మ' అనే క్లాసులో పెట్టేసింది. ఇక ఎవరికీ లోటుండదు కదా అనుకుంది.

లోటేమీ రాలేదు. రావణుడి మాట ముగియగానే, తెర మీద నవ్వడం తెలిసిన ప్రతి బొమ్మా నవ్వాలని ఆటలో రాసి ఉంది. సీతమ్మ నవ్వింది. ఆమె క్లాసులోకి పోయి నువ్వు నవ్వొద్దని రాస్తే, చెట్టుకొమ్మల్లో నక్కి కూర్చున్న హనుమంతుడు నవ్వి దొరికిపోయాడు. ఆయన నోరు మూయిస్తే చెట్టు నవ్వింది. చెట్టూ బొమ్మేగా మరి.

మాబున్నీ తల పట్టుకుని సారు ముందుకొచ్చి నిలబడింది. "సార్, ఒకే కోడు ఇద్దరికి కావాల. ఆ ఇద్దరికీ చుట్టరికం లేదు. ఆ కోడును యాడ పెట్టాల?"

కంబగిరి సారు సుద్దముక్క కింద పెట్టారు.

ఆ మధ్యాహ్నం ఊళ్లోని గ్రంథాలయం హాల్లో పిల్లలకు తుకాబాయి వాళ్ల బొమ్మలాట ఉంది. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. హాలు నిండా పిల్లలు, వాళ్ల వెనక గోడవారన తల్లులు. తెల్లటి పంచెల తెర వెనక బల్బులు వెలుగుతున్నాయి. సారు తెర అంచు దగ్గరికి పోయి, "అక్కా, ఈ పిల్ల లోపల ఒక మూల కూర్చుంటుంది" అన్నారు. "కూచోనీ సారూ, కాళ్లు మాత్రం ముడుచుకోవాల" అంది తుకాబాయి. సారు ఇవతలికొచ్చి పిల్లల మధ్య చాప మీద చతికిలబడ్డారు. ఆయనకు జరగబోయేదంతా ముందే తెలుసని చెప్పుకునేవాళ్లున్నారు. ఏం తెలీదు. ఆయనకు బొమ్మలాట ఇష్టం, అంతే.

తెర వెనక్కి చేరిన మాబున్నీకి మాత్రం ఒళ్లు పులకరించింది. ముందు వైపు నుంచి ఎన్నోసార్లు చూసిన ఆట, వెనక నుంచి చూడటం ఇదే మొదలు. తుకాబాయి కాళ్లకు గజ్జెలు, పాదాల కింద చెక్కపలకలు. ఆమె ఒక్క అడుగు వేస్తే యుద్ధం వచ్చినంత చప్పుడు. పక్కన ఆమె మరిది ఖండోజి. రాక్షసుల వంతు అతనిది. రావణుడి బొమ్మకు ఉన్న తలలూ చేతులూ ఆడించడానికి అతని రెండు చేతులూ చాలవు. పక్కన చాప మీద అడుగు తీసేసిన ఒక మట్టికుండ ఉంది. రాక్షసనవ్వు నవ్వాలంటే ఈ ఇంటివాళ్లు ఆ కుండ మూతిలో నోరు పెట్టి నవ్వుతారు. అది మైకులోకి పోయి హాలంతా గుడగుడమంటుంది. ఎప్పుడూ ఖండోజి భార్య పక్కన నిలబడి, సమయానికి కుండ అతని నోటికి అందించేది. ఆమె కూతురి కాన్పని అనంతపురం వెళ్లింది.

లంకాదహనానికి ముందు ఘట్టం దాకా ఆట హాయిగా సాగింది. మద్దెల మోగుతుండగా తుకాబాయి సీతమ్మ బొమ్మను విప్పి సర్దుకునేందుకు పక్కకు వంగింది. ఖండోజికి తన వంతు దగ్గరపడుతోందని దిగులు పట్టుకుంది. కుండ అందించేవాళ్లు లేరు. అతనికి ఒక గొప్ప ఉపాయం తట్టింది. తాడు తీసి, కుండను తెచ్చి మైకు ముందర బిగించి కట్టేశాడు. ఇక ఎవరూ అందించనక్కర్లేదు. ఎవరు నవ్వాలన్నా అక్కడ నిలబడి నవ్వడమే. తన పనితనం తానే చూసుకుని ముచ్చటపడి, రావణుణ్ణి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

తుకాబాయి సీతమ్మతో తెర మధ్యకొచ్చింది. చూపంతా బొమ్మ మీదే ఉంది. చెట్టు కింద సీతమ్మ తల వాల్చింది. ఊళ్లో ఏ ఆడమనిషికైనా కంట నీరు పెట్టించే పద్యం అది. తుకాబాయి గొంతెత్తింది.

కుండలోంచి భూతం ఏడ్చినట్టు వచ్చింది.

ఎవరో పిల్లవాడు కిసుక్కుమన్నాడు. అంతే, హాలు హాలంతా పగిలిపోయింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. తల్లులు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తుకాబాయి నిలువునా కొయ్యబారిపోయింది. ఆమె ఎత్తిన ఆ పద్యానికి ఎవరూ ఎన్నడూ నవ్వలేదు.

"ఎవుర్రా దీన్నీడ కట్టింది?" అంది తుకాబాయి పళ్లు బిగించి.

"అందరికీ అందుబాట్లో ఉంటాదని నేనే కట్టినా వదినా."

"అందరికీ ఏందిరా? సీతమ్మ అడిగిందా నిన్ను?"

ఆ మాట ఖండోజికి ఎంత తగిలిందో గానీ, మూలన కాళ్లు ముడుచుకుని కూర్చున్న మాబున్నీకి నేరుగా తగిలింది. చెవులు వేడెక్కాయి. మొన్న 'బొమ్మ' క్లాసులో నవ్వు పెడుతూ తను అనుకున్నదీ అదే మాట, అందరికీ అందుబాట్లో ఉంటుందనే.

తుకాబాయికి ఆలోచించుకునే తీరిక లేదు. ఒక చేత్తో సీతమ్మను పట్టుకునే రెండో చేత్తో తాడు లాగిపారేసి, కుండ తీసి దగ్గరున్న మనిషి ఒళ్లో పడేసింది. ఆ దగ్గరున్న మనిషి మాబున్నీయే.

"పట్టుకో. వాడు తలూపితే వాడి మూతికి పెట్టు. నేను ఎవరికంటే వాళ్లకు పెట్టు. ఊరికే ఎవరికీ పెట్టాకు."

మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ఇప్పుడు వచ్చింది ఆమె గొంతు. పిల్లల నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. పద్యం సగానికొచ్చేసరికి హాల్లో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల వెక్కి వెక్కి ఏడవడం తెర వెనక్కి కూడా వినిపించింది. తుకాబాయి ముఖం తేటపడింది. అవతల చాప మీద కంబగిరి సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, అది తర్వాత పిల్లలు చెప్పిన సంగతి.

ఇక రావణుడు వచ్చాడు. ఖండోజి బొమ్మను ఊపుకుంటూ తెర మీద అటూ ఇటూ ఠీవిగా తిప్పాడు. తలూపాడు. మాబున్నీ లేచి, రెండు చేతులతో కుండ పట్టుకుని అతని నోటికి అందించింది. ఆ నవ్వుకు కిటికీలకు కట్టిన దుప్పట్లు అదిరాయని ఆ పిల్ల ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతుంది. పిల్లలు కెవ్వుమని కేకలు వేసి అమ్మల ఒళ్లలోకి దూకారు. పోలిగాడు వచ్చాడు. కుండ అదే, ఖండోజి గొంతు మార్చి నవ్వాడు, అది మేకపోతు దగ్గినట్టు వచ్చింది. హాలు గొల్లుమంది.

అప్పుడు కాపలా రాక్షసస్త్రీలు సీతమ్మను చుట్టుముట్టాలి. ఖండోజిది మగగొంతు, ఆ నవ్వు ఎప్పుడూ అతని భార్య నవ్వేది. తుకాబాయి గొంతు సీతమ్మది, దాంతో రాక్షసిలా నవ్వదు. ఆమె మాబున్నీ వైపు కళ్లెర్రజేసి చూసింది.

"నగు!"

"నేనా అవ్వా?"

"కుండ నీ చేతిలోనే ఉంది గదే! నగు!"

మాబున్నీ కుండలో నోరు పెట్టి, భయంతోనే నవ్వింది. సన్నగా, కీచుగా, పిచ్చిగా వచ్చింది. రావణుడి నవ్వు కాదు, పోలిగాడి నవ్వూ కాదు. కుండ దాన్ని పట్టి పెద్దది చేసి తిప్పి వదిలింది. పిల్లలు ఈసారి నిజంగా జడుసుకున్నారు. మాబున్నీకి కుండ చేతిలో వేడిగా అనిపించింది. కుండకు నవ్వడం రాదు. మోగించడం వచ్చు. నోరు ఎవరిదైతే నవ్వు వాళ్లది. ఎత్తుకున్నవాళ్లకే అది, ఎత్తుకోనివాళ్లకు లేదు. సీతమ్మ అక్కడే, అంత దగ్గరలో ఉంది. ఆమెకు వద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరే లేకపోయింది.

ఆట ముగిసింది. జనం తెర వెనక్కి వచ్చి తుకాబాయి చేతులు పట్టుకుంటున్నారు. మాబున్నీ మాత్రం కుండను చాప మీద భద్రంగా పెట్టి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి పరుగు తీసింది. ఎండకు కాలే రోడ్డు మీద వట్టికాళ్లతో పరిగెత్తుతున్న ఆ పిల్లను చూసి చీరల కొట్టువాళ్లు ఏం కొంప మునిగిందో అనుకున్నారు. వెనకాలే సారు ఆమె చెప్పులు చేత పట్టుకుని, తీరుబడిగా, దారిలో టీ కూడా తాగి వచ్చారు.

సారు మెట్లెక్కేసరికి కీబోర్డు టకటకలాడుతోంది. మాబున్నీ 'బొమ్మ' క్లాసులోంచి నవ్వును పీకేసింది. దాన్ని విడిగా ఒకచోట పెట్టింది. అది ఎవరికీ తండ్రి కాదు, ఎవరికీ బిడ్డా కాదు. కావలసినవాళ్లు పేరు పెట్టి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నవాళ్లను అది ఒకే ఒక్కటి అడుగుతుంది: నీ గొంతు ఇవ్వు. రావణుడు తెచ్చుకుని గొంతిచ్చాడు. రాక్షసస్త్రీలు తెచ్చుకున్నారు. పోలిగాడు తెచ్చుకున్నాడు, వాడికి ఈసారి మేకపోతు దగ్గు దొరికింది. త్రిజట తెచ్చుకోలేదు. సీతమ్మకూ, హనుమంతుడికీ, చెట్టుకూ నువ్వు నవ్వొద్దు, నువ్వు నవ్వొద్దు అని రాసిన వరసలన్నీ ఆ పిల్ల ఒక్కటొక్కటిగా చెరిపేస్తూ, చెరిపిన ప్రతిసారీ చప్పట్లు కొట్టింది. కోడు రాసినప్పటికంటే చెరిపినప్పుడు ఎక్కువ సంబరపడ్డ శిష్యురాలిని సారు అంతకుముందు చూడలేదు.

మరునాడు పొద్దున తుకాబాయి ఖండోజిని వెంటబెట్టుకుని మెట్లెక్కింది. కుర్చీ వద్దని కిందే కూర్చుంది. కంప్యూటరును బల్ల మీద నుంచి కిందికి దించాల్సి వచ్చింది. మాబున్నీ ఆట మొదలుపెట్టింది.

బాణం గుర్తును రావణుడి మీద పెట్టి మౌసు మీట నొక్కింది, రావణుడు తన మాట ముగించి నవ్వాడు. ఖండోజి తన నవ్వు కాదన్నట్టు మూతి విరిచాడు గానీ కళ్లు మెరిశాయి. రాక్షసస్త్రీలు నవ్వారు. త్రిజట కన్నీళ్లు తుడిచింది. సీతమ్మ తల వాల్చుకుని కూర్చుంది. తుకాబాయి మౌసు ఇలా తెమ్మన్నట్టు చెయ్యి చాపింది, మాబున్నీ చేతికిచ్చింది. ఆవిడ తిన్నగా బాణం గుర్తును సీతమ్మ మీదికి తోసుకుపోయి, ఇందాక రావణుణ్ణి నవ్వించిన మీట నొక్కింది. సీతమ్మ చలించలేదు. మళ్లీ నొక్కింది. మూడోసారి గట్టిగా నొక్కింది.

"నగదా?"

"నగదవ్వా."

"నగాకు అని చెప్పిపెట్టినావా?"

"లేదవ్వా. ఆయమ్మకు ఆ సంగతే తెలీదు."

తుకాబాయి తెర వంక చూసింది. ఆమె పెదవులు లోలోపల ఏదో పాడుకుంటున్నట్టు కదిలాయి. తర్వాత మరిది వైపు తిరిగి, "రేయ్ ఖండోజీ, ఇంటికి పోయి పెట్టెలన్నీ దించు. భారతం పెట్టె గూడా" అంది.

మాబున్నీ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే అవ్వ కాళ్లు పట్టుకుంది, అవ్వ కసురుకుంటే లేచి సారు దగ్గరికి ఉరికింది. ఆ పిల్ల కళ్లలో అప్పుడే హస్తినాపురం కనపడుతోంది.

"సార్! భారతంలో అసలు పేరెంటు క్లాసులే పెట్టను. ఒక్కటి గూడా ఉంచను. రామాయణంలో ఉండేవి గూడా పీకేస్తా. తండ్రి లేడు, తాత లేడు. బలముందా, అదొక కుండ. ఎగరడముందా, అదొక కుండ. ఎవరిక్కావాల్సింది వాళ్లు ఎత్తుకుంటారు! ఏం సార్, బాగుంది కదా?"

కంబగిరి సారు నిదానంగా లేచి చెప్పుల కోసం చూశారు. ఏమనుకున్నారో మళ్లీ కూర్చున్నారు.

"కానీమ్మా. అయితే భీముడి ముందర నిలబడి, వాయుదేవుడు మీ నాయన కాదు, హనుమంతుడు మీ అన్నా కాదు అని నువ్వే చెప్పు. దానికి మాత్రం నన్ను పిలవాకు."